గంట తాడు, పది వేళ్లు

శనివారం మధ్యాహ్నం బడి విడువంగనే అనసూర్య ఒక దొరను పుట్టించింది.

తల లేని దొర. పేటలోని పాత రాతి చర్చి గోపురంల ఉంటడట. గంట తాడు ఎవరు ముట్టుకుంటే వాళ్ల వేళ్లు కొరుకుతడట. తల లేనోడు ఎట్ల కొరుకుతడని ఆమెతోని చదివే మల్లక్క అడిగింది.

"పండ్లు జేబుల పెట్టుకుంటడు" అన్నది అనసూర్య.

నయాపైసలు కొత్తగ వచ్చిన ఏడది. పత్తి బండ్లు, ఇత్తడి బండ్లు దిగే మా పేటకు ఆ చర్చే ఎత్తు. దాని కిటికీలు దండం పెట్టిన చేతుల లెక్క పైన మొనదేరి ఉంటయి. గంట ఒక్కసారి మోగితే పెద్దపల్లిల చాయ కప్పులు కదిలేవి. నమ్మకుంటే మీ ఇష్టం.

అంత గంట ఒక్కరితోని కాదు. అందుకే ఆదివారం పొద్దున అన్ని వాడల పిల్లలు వచ్చి, చర్చి చూసుకునే దేవదాస్ తాతతోని కలిసి తాడు గుంజేది. గంట ఊగి తాడు మీదికి పోతే, అందరికన్న పైన పట్టుకున్నోళ్లు మూరెడు గాలిలకు లేచేది. ఆ చోటు ఎప్పుడూ పొడుగు మొగిలిదే. వాడు భయపడి రాకుంటే ఆ చోటు తనదని అనసూర్య ఆశ.

ఆదివారం మొగిలి రాలే. ఎవ్వరూ రాలే.

పై చోటు దొరికింది. కానీ ఇద్దరే గుంజితే గంట కదలలేదు. తాత తాడుకు వేలాడిండు. గంట ఒక్కసారి మూలిగింది. తాడు జర్రున జారి తాత అరచేతుల తోలు లేచిపోయింది.

వాగు అవతలి ఊర్లోళ్లకు ఆ గంట వినపడలే. ప్రార్థన సగమైనంక వచ్చి, తలుపు కాడనే నిలవడ్డరు.

తాత చేతులకు పసుపు పెట్టుకున్నడు. "మొన్న గోపురం నిచ్చెన ఎక్కద్దని గద్దించిన. పిల్లలకు కోపమొచ్చినట్టుంది. నువ్వొక్కదానివే వచ్చినవు. సల్లగుండు బిడ్డా."

ఆ దీవెన ముల్లు లెక్క గుచ్చుకుంది.

"కోపం గాదు తాతా. నేనే అబద్ధమాడి భయపెట్టిన."

తాత చేతులు చూసుకుంట కూసున్నడు. తిడితే బాగుండు అనిపించింది అనసూర్యకు.

సాయంత్రం వాడవాడ తిరిగి దొర లేడని చెప్పింది. ఒక్కరూ నమ్మలే. ఆ దొరే ఆమెతోని అట్ల చెప్పిస్తుండని మల్లక్క తేల్చింది.

తర్వాతి ఆదివారం తాత చేతులకు గుడ్డలు కట్టి ఉన్నయి. తాత వద్దంటున్నా వినక అనసూర్య తాడు పట్టుకుంది, ఈసారి కింది కొస. కొద్దికొద్దిగ ఊపుకుంట చాలాసేపు గుంజితే గంట సన్నగ మోగింది. అక్కడి నుంచి సీదా మొగిలి ఇంటికి పోయి, పొక్కులు లేచిన చేతులు రెండూ చాపింది.

"లెక్కపెట్టు."

మొగిలి ఒక్కొక్క వేలు పట్టి చూసి లెక్కపెట్టిండు. పది.

ఆ పై ఆదివారం మొగిలి ఒక్కడే వచ్చిండు. అనసూర్య పక్కకు జరిగి పై చోటు చూపించింది. ముగ్గురూ గుంజిండ్రు. గంట మోగింది గానీ, ఎవ్వరూ గాలిలకు లేవలే.