తట్టినోనికి బదులు

గోదావరిఖనిలో యిర్మియా కాక అంటే తెలియని బొగ్గుబాయి మనిషి లేడు. ఆదివారం చర్చి కాగానే క్వార్టర్ ముందు మంచం వేసుకుని, ఛాయ్ తాగుతూ బాయి ముచ్చట్లు మొదలుపెట్టాడంటే వినేవాళ్లకు అన్నం కూడా గుర్తుకు రాదు. కొడుకు శాంతిరాజ్‌కు చిన్నప్పుడే ఒక పద్ధతి నూరిపోశాడు. బాయిలో కప్పు కూలి మనిషి అవతల చిక్కితే పైపునో బండ్లు నడిచే పట్టానో తడతాడు. ఆ చప్పుడు విన్నవాడు అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి.

"వస్తున్నం అని చెప్పుడు బిడ్డా అది. బదులు కొట్టినవంటే ఆ మనిషిని బయటికి తెచ్చే పని నీదే."

కొడుకు బాయికి పోలేదు, నేవీకి పోయాడు. విమానాలు మోసే ఓడ డెక్కు మీద డ్యూటీ. విమానం దిగగానే చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, గొలుసులతో డెక్కుకు కట్టేయాలి.

2006 వానాకాలం. పొద్దు ఇంకా గూకలేదు గానీ ఏం లాభం, పది అడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. వాన అడ్డంగా కొడుతోంది. ఓడ లేస్తోంది, పడుతోంది. కాలిన ఇంధనం వాసన, ఉప్పు వాసన కలిసి గొంతు పట్టేస్తున్నాయి. అన్ని విమానాలూ దిగి లోపలికి పోయాయి. ఒక్కటే మిగిలింది.

దాన్ని నడిపేది మంచిర్యాల పిల్లగాడు, లెఫ్టినెంట్ రఘుపతి. పెద్ద ఆఫీసరే, అయినా పక్కన ఎవరూ లేకపోతే "శాంతన్నా" అంటాడు. వాళ్ల తాతదీ బొగ్గుబాయే. అతని విమానం గాల్లో నిలబడి నిటారుగా దిగే రకం. మిగిలిన ఇంధనం ఒక్కసారి దిగడానికే సరిపోతుంది. తప్పితే సముద్రమే. 'దేవా, ఈ పిల్లగాణ్ణి కాపాడు' అని శాంతిరాజ్ లోలోపల మొక్కుతూనే ఉన్నాడు.

అప్పుడు వినిపించింది. కాళ్ల కింది ఇనుములోంచి...

టక్. టక్. టక్.

ఆలోచించనే లేదు. చేతిలోని దిమ్మతో డెక్కును మూడుసార్లు కొట్టేశాడు.

పక్కనున్న నావికుడు ముత్యం ఉలిక్కిపడ్డాడు. "ఏందన్నా?"

"కింద ఎవరో తడుతున్నరు."

"కింద ట్యాంకు ఉన్నదే! అండ్ల మనిషెట్ల ఉంటడు?"

చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకునేలోపే చెవికున్న రేడియోలో రఘుపతి గొంతు. రేడియోలో ఇంగ్లీషు తప్ప మాట్లాడని మనిషి... తెలుగులో, గుసగుసగా.

"శాంతన్నా... విమానం పొట్ట కింద ఎవరో తడుతున్నరు."

శాంతిరాజ్ మైకు నొక్కి అరిచాడు. "కొట్టకు సార్! బదులియ్యకు!"

"కొట్టిన అన్నా... మూడుసార్లు. తాత చెప్పేటోడు గదా..."

తర్వాత గరగర. అంతే.

కాసేపటికి మబ్బుల్లో దీపాలు కనబడ్డాయి. విమానం వచ్చింది. అంత గాలిలోనూ ఇటు ఊగలేదు, అటు ఊగలేదు. మెల్లగా దిగింది. డెక్కంతా కేకలు, చప్పట్లు. శాంతిరాజ్ ఉరికాడు. దిమ్మలు పెట్టాడు, గొలుసులు బిగించాడు. కళ్లలో నీళ్లు ఆగలేదు. బతికిండు! పిల్లగాడు బతికిండు!

పైలట్ పైనున్న అద్దపు మూత తెరుచుకుంది. రఘుపతి నిచ్చెన దిగి హెల్మెట్ తీశాడు. అదే ముఖం. కానీ శాంతిరాజ్‌ను ఎన్నడూ చూడనట్టు చూశాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఎన్నేండ్లాయెనో... గాలి తగలక," అన్నాడు మెల్లగా. "బదులు కొట్టి మంచిపని చేసినవు."

ఆఫీసర్లు వచ్చి అతన్ని లోపలికి తీసుకుపోయారు. శాంతిరాజ్ విమానం దగ్గరే ఆగిపోయాడు. రేడియోలో గరగర ఆగింది.

"శాంతన్నా... అంత మబ్బే ఉన్నది. దీపాలు కనబడుతలేవు."

తలెత్తాడు. వాన... పైన ఎక్కడో ఇంజిను మోత.

"జల్ది చెప్పన్నా. దిగాల్నా?"

దిగే చోట విమానం ఉంది. తన చేతులతోనే కట్టేసిన విమానం. గొలుసులు విప్పడానికి దాని కిందికి దూరాడు. తొందరలో చెయ్యి జారి ఇంజిను గొట్టానికి తగిలింది. అప్పుడే దిగిన విమానం, చర్మం ఊడిరావాలి. చల్లగా ఉంది.

పైన మోత ఒక్కసారి దగ్గి, ఆగిపోయింది. అవతల సముద్రంలో ఏదో బరువుగా పడిన చప్పుడు.

రేడియోలో రఘుపతి ఇంకా అడుగుతూనే ఉన్నాడు.