కుదురులేని పెళ్లిచూపులు

"ఒక్కచోట కూర్చోరా మీరు? నేను నచ్చకపోతే చెప్పేయండి. నాలుగింటి రైలుకి వెళ్లిపోతాను," అంది ఎవాంజెలిన్.

ప్రసన్న కుమార్ గబుక్కున కూర్చున్నాడు. నిమిషం గడవకుండానే మళ్లీ లేచాడు.

ఐర్లండ్‌లోని ఈ మెయ్‌నూత్‌ ఊళ్లో అతనికున్న పెద్దదిక్కు మేరీ ఆంటీ. చర్చిలో తనకి పరిచయమైన, కిల్కెన్నీ ఊళ్లో పనిచేసే ఈ తెలుగు నర్సుతో పెళ్లిచూపులు కుదిర్చింది ఆవిడే. ఇప్పుడు వంటింట్లో గారెలు వేస్తూ చెవులు ఇటే పెట్టింది.

అతను మళ్లీ కూర్చుని కాళ్లు ఊపుతుంటే తొంగిచూసి, "కాళ్లు ఊపకు నాయనా, మంచిది కాదు!" అని అరిచింది.

మంచిది కాదని అతనికీ తెలుసు. కొత్త మాత్ర మొదలుపెట్టిన మూడు వారాల్లో మనసు కుదుటపడింది గానీ, కాళ్లకి కుదురు పోయింది. కూర్చుంటే చాలు, లోపల ఏదో పాకుతున్నట్టుంటుంది. నడిస్తేనే కాస్త నయం. ఆంటీ సలహా మీద ఇవాళ మాత్ర మానేశాడు. అయినా కాళ్లు మానలేదు.

చెబితే సంబంధం పోతుంది. చెప్పకపోతే, నచ్చలేదనుకుని ఈ పిల్లే పోతుంది. ఆ పిల్లేమో గుమ్మంలో నవ్వినప్పుడే నచ్చేసింది.

"నచ్చక కాదండీ," అన్నాడు చివరికి. "పోయినేడు డిప్రెషన్ వచ్చింది. మందులు వాడుతున్నా. వాటివల్లే ఈ కాళ్ల గోల. అందుకే ఇవాళ వేసుకోలేదు."

ఎవాంజెలిన్ మొహం ఎర్రబడింది. అయిపోయిందనుకున్నాడు.

"ఎవరు మానమన్నారు?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"మందు వాడుతున్నందుకు కాదు నా కోపం. డాక్టర్‌కి చెప్పకుండా మానేసినందుకు. ఇది సైడ్ ఎఫెక్ట్ అండీ. చెబితే డోసైనా తగ్గిస్తారు, మందైనా మారుస్తారు. ఇప్పుడే ఫోన్ చెయ్యండి."

"ఇప్పుడా? పెళ్లిచూపుల్లోనా?"

"కూర్చుని చెయ్యమన్నానా? నడుస్తూ చెయ్యండి," అంటూ కోటు తొడుక్కుంది. "ఆంటీ, అలా కాలువ గట్టు దాకా వెళ్లొస్తాం."

"వాన పడతందే!" అంది ఆంటీ. అంటూనే నాలుగు గారెలు పొట్లం కట్టి అమ్మాయి చేతిలో పెట్టింది. అతని వంక చూసి, "తప్పు నాదే నాయనా," అంది చిన్నగా.

సన్నటి జల్లులో గట్టు వెంట నడిచారు. అతను ఫోన్‌లో డాక్టర్‌కి అంతా చెప్పాడు. ఆమె అతని అడుగులో అడుగు వేసింది.

పక్కనే పట్టాల మీద రైలు కదిలింది.

"అయ్యో, మీ నాలుగింటి రైలు!"

"ఐదింటికి ఇంకోటుంది," అంది గారె తుంచి ఇస్తూ. "నడవండి."