ఏడు గుండీల ప్యాంటు

శవం బోర్లా పడి ఉంది.

చోటు కోతిరాళ్ళ గుట్ట. మైదుకూరుకు పదకొండు కిలోమీటర్లు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హేమావతి జీపు దిగేసరికి మధ్యాహ్నం 3:05. మే నెల. రాళ్ళ మీద చెయ్యి ఆనించే పరిస్థితి లేదు.

చనిపోయినవాడి పేరు గోపీ. ఇరవై తొమ్మిదేళ్ళు. కడపలో ఒక టైల్స్ షాపులో సేల్స్‌మన్. ఒంటి మీద మాత్రం నూట యాభై ఏళ్ళ కిందటి అమెరికా పశువుల కాపరి బట్టలు. ముతక నూలు ప్యాంటు, కాలర్ లేని చొక్కా, భుజాల మీదుగా తోలు పట్టీలు, బూట్లు. టోపీ రెండు గజాల అవతల పడి ఉంది.

మెడ విరిగింది. పైన పదిహేను అడుగుల ఎత్తు బండ. కాస్త దూరంలో ఒక తెల్ల గుర్రం తనకేమీ పట్టనట్టు ఎండుగడ్డి కొరుకుతోంది.

"గుర్రం విసిరేసినాది మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ పుల్లయ్య. "గుర్రం మనిషిని జీపులో కూచోబెట్టినా. డీఎస్పీ సార్ ఫోన్ చేసినాడు. నిర్లక్ష్యం కేసు రాసి సాయంత్రానికల్లా ఫైలు పంపమన్నాడు."

గుర్రం మనిషి పేరు బొజ్జన్న. పెళ్ళి మెరవణులకు గుర్రాన్ని బాడుగకు తిప్పుతాడు. అతని భార్య సుంకమ్మ జీపు కమ్మీ పట్టుకుని నిలబడింది. వదిలేలా లేదు.

"నా గుర్రం అట్లాంటిది కాదమ్మా," అన్నాడు బొజ్జన్న. "చెవికాడ టపాకాయలు పేల్చినా అదరదు. ఆ టయానికి నేను దాన్ని బోరుకాడికి తోలుకపోయి నీళ్ళు తాపుతాండా."

"ఎవరన్నా చూసినారా?"

"నీళ్ళు తాపేది ఎవరు చూస్తారమ్మా?"

సుంకమ్మ మధ్యలో అందుకుంది. "కేసు రాస్తే మా బతుకు అయిపాయ మేడం. ఈయప్ప జైలుకు పోయినా ఒగనాటికి వస్తాడు. మనిషిని చంపిన గుర్రం మింద ఏ పెండ్లికొడుకు ఎక్కుతాడు?"

హేమావతి విన్నది. ఏమీ అనిపించలేదు.

ఆమె భర్త పోయిన నెల రాయచోటి రోడ్డులో లారీ కింద పడి చనిపోయాడు. పదమూడో రోజే ఆమె డ్యూటీకి వచ్చింది. అప్పటి నుంచి మనుషుల మాటలు పక్కింట్లో మోగే టీవీలా వినిపిస్తున్నాయి. ఈ ఆడమనిషిని చూసి జాలి పడాలని తెలుసు. జాలి రాలేదు. కళ్ళు మాత్రం మునుపటిలాగే పని చేస్తున్నాయి.

శవాన్ని వెల్లకిలా తిప్పించింది.

చొక్కాకు కొమ్ము గుండీలు. పట్టీలకు ఇత్తడి గుండీలు. ప్యాంటుకు మాత్రం జిప్. కొత్తది, తళతళలాడుతోంది. ఎడమ మణికట్టు మీద, ఎండకు మాడిన చర్మం మధ్య, రెండు వేళ్ళ వెడల్పున తెల్లని చార.

"చేతికి ఏదో కట్టుకునేవాడు. యాడ అది?"

"శవం మింద ఏం దొరకలేదు మేడం," అన్నాడు పుల్లయ్య.

* * *

గుట్ట కింద షామియానా. దాని పక్కన ఒక కారు. నీడలో ముగ్గురు.

సుధీర్, డైరెక్టర్. కడపలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. యామిని, కెమెరా. పెళ్ళి వీడియోలు తీస్తుంది. ఉమామహేశ్, దుస్తులూ సామానూ. మాధవరం నేతగాళ్ళ ఇంటివాడు. వీళ్ళతో పాటు గోపీ. నలుగురూ కలిసి పదిహేను నిమిషాల కౌబాయ్ సినిమా తీస్తున్నారు. పైసా లాభం లేదు. ఊరికే పిచ్చి.

మామూలు వాళ్ళు సినిమా చూసి ఈల వేస్తారు. వీళ్ళు సినిమా ఆపి ఆపి చూసి తప్పులు రాసుకుంటారు. ఈ మధ్య వచ్చే కౌబాయ్ సినిమాలంటే ప్రాణం. ఎందుకంటే వాటిలో మురికి నిజమైన మురికి, బట్టలు ఆ కాలంనాటి బట్టలు. అయినా ఎక్కడో ఒకచోట పట్టేస్తారు. హీరో తుపాకి కథ జరిగే ఏడాదికి ఇంకా తయారు కాలేదని ఉమామహేశ్ ఒకసారి వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు గొడవ చేశాడట.

"అన్నం ఎప్పుడు తిన్నారు?" అడిగింది హేమావతి.

"ఒంటిగంటా పదికి," అన్నాడు సుధీర్. "మళ్ళా షాట్ రెండున్నరకు."

"గోపీ ఎప్పుడు లేచిపోయినాడు?"

"1:35. డైలాగులు చూసుకుంటా అని బండ మిందికి పోయినాడు. మళ్ళా రాలా. రెండూ పదికి నేనే పోయి చూసినా."

"ఆ మధ్యలో నువ్వు యాడున్నావు?"

"కారులో మేడం. ఏసీ వేసుకుని, సీటు వాల్చుకుని మా మామతో ఫోన్లో మాట్లాడతాండా. కాల్ లాగ్ చూడండి." 1:38 నుంచి 2:07 దాకా ఒకటే కాల్.

"నువ్వమ్మా?"

"గుట్ట అవతల లొకేషన్ వీడియో తీస్తాన్నా," అంది యామిని. "నలభై నిమిషాలది. నా మాటలు గూడా అందులో పడినాయి."

"నువ్వు?"

ఉమామహేశ్ తల ఎత్తలేదు. "ఈడనే పండుకోనుంటి. నిద్ర పట్టింది."

గొంతులో ఏ భావమూ లేదు. ఆ గొంతు హేమావతికి ఎక్కడో విన్నట్టనిపించింది. కాసేపటికి గుర్తొచ్చింది. నెల రోజులుగా తను మాట్లాడుతున్నది అదే గొంతుతో.

షామియానా కర్రకు నాలుగు గుడ్డ సంచులు వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు, దారంతో కుట్టి ఉంది.

"అవేంది?"

"మా రూలు మేడం," అంది యామిని. "షాట్‌కు ముందు ఈ కాలపు వస్తువులన్నీ అందులో వేయాల. వాచీ, ఉంగరం, తాయెత్తు, ఏదైనా సరే. ఉమా దగ్గరుండి తీయిస్తాడు. కౌబాయ్ చేతికి తిరుపతి దారం కనపడితే జనం నగుతారు గదా."

పుల్లయ్య గోపీ సంచి విప్పి లిస్టు రాశాడు. పర్సు. వెండి ఉంగరం. స్మార్ట్ బ్యాండ్.

"అన్నం తినేటప్పుడు ఫోటోలు తీసినావామ్మా?"

యామిని ఫోన్ చూపించింది. 1:22. గోపీ సంగటి ముద్ద పట్టుకుని నవ్వుతున్నాడు. ఎడమ చేతికి బ్యాండ్ ఉంది. ఉంగరం లేదు.

హేమావతి ఫోటోను పెద్దది చేసి చూసింది. "గోపీ ఫోన్ యాడుండాది?"

"కారులో. ఛార్జింగ్‌కు పెట్టినా. పిన్ నాకు తెలుసు," అన్నాడు సుధీర్.

కారు షామియానాకు నాలుగడుగుల దూరంలో ఉంది. బ్యాండ్ లెక్కలన్నీ అప్పటికే ఫోన్లోకి చేరిపోయాయి. హేమావతి ఫోన్లో బ్యాండ్ యాప్‌ను ఐదు నిమిషాలు చూసింది. తర్వాత ఒంటరిగా శవం దగ్గరికి నడిచింది. అక్కడి నుంచి షామియానా దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చింది.

"మేడం, డీఎస్పీ సార్ మళ్ళా ఫోన్," అన్నాడు పుల్లయ్య.

"లైన్లో ఉండమను."

"ఎంతసేపు మేడం?"

"తెలీదు." ఆమె ముగ్గురి వైపు తిరిగింది. "ఇంగొక మాట. గోపీ ప్యాంటుకు జిప్ ఉండాది. అందరికీ ఇట్లనే కుట్టించినారా?"

యామిని, సుధీర్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"జిప్పా?" అంది యామిని. "ఛాన్సే లేదు మేడం. ఆ కాలానికి జిప్ పుట్టనే లేదు. ఏడు గుండీలు. ఆ గుడ్డ గూడా ఉమా సొంతంగా మగ్గం మింద నేసినాడు, రెండు నెలలు కూచోని. మిల్లు గుడ్డ అయితే కెమెరాకు దొరికిపోతాదని."

ఉమామహేశ్ నేల వైపే చూస్తున్నాడు.

* * *

సాయంత్రం 5:20. హేమావతి అందరినీ షామియానా కిందికి పిలిచింది. బొజ్జన్నను కూడా జీపు దించి తెమ్మంది. సుంకమ్మ పిలవకుండానే వచ్చింది.

"గోపీ గుండె 1:47కు ఆగిపోయినాది. బ్యాండ్‌లో ఉండాది," అంది హేమావతి. "1:53కు అదే బ్యాండ్ నడిచినాది. నూట ముప్పై అడుగులు."

ఆమె గోపీ సంచి వైపు వేలు చూపించింది.

"చచ్చినోడు నడవడు. శవం కాణ్ణుంచి ఈడికి నేను నడిస్తే నూట నలభై రెండు. నా కంటే రొంత పొడుగు మనిషి ఎవరో ఆ బ్యాండ్ విప్పి, ఈడికి తెచ్చి, సంచిలో వేసినారు. దొంగయితే జేబులో పెట్టుకుంటాడు. భయపడినోడయితే ముండ్ల కంపల్లోకి ఇసిరేస్తాడు. గోపీ పేరు చూసి, గోపీ సంచిలోనే వేసి, మూతి బిగించి కట్టినోడు ఎవరు?"

"నాకు ఆ సంచులేందో గూడా తెలీదమ్మా," అన్నాడు బొజ్జన్న.

"నీకు తెలీదప్పా. నీకు చదువు గూడా రాదు. సుధీర్ ఫోన్లో ఉన్నాడు. యామిని మాటలు వీడియోలో ఉండాయి, నేను విన్నా. ఈడ పండుకున్నా అని చెప్పినోడు ఒకడే. సంచి ఆయన తలకాయ పైన్నే వేలాడతాండాది."

ఆమె ఉమామహేశ్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"జిప్ ఎప్పుడు చూసినావు?"

"1:45 అప్పుడు."

"ఎట్ల?"

"షాట్ ఉండాది, బ్యాండ్ తీయి అని చెప్పేకి బండ మిందికి పోయినా. ఆడ ఒంటికి పోసుకుని తిరిగినాడు. జిప్ లాక్కుంటాండాడు. మైదుకూరులో ఎవరో టైలర్‌తో పెట్టించినాడంట. నేసిన గుడ్డను కత్తిరించి." అతను ఆగాడు. "ఏడు గుండీలు ఇప్పేలోగా ప్యాంటు తడుస్తాదిరా, ఎవడు చూస్తాడురా నీ గుండీలు అని నగినాడు."

"అప్పుడు?"

"తోసినా. చంపాలని కాదు. బండ అంచు అంత దగ్గరుందని చూడలా."

"పడినాక?"

"దిగి పోయినా. పిలిచినా. పలకలా. ముక్కుకాడ చెయ్యి పెట్టినా, ఊపిరి లేదు. కూచున్నా." ఉమామహేశ్ తన అరచేతులు చూసుకున్నాడు. "చేతికి బ్యాండ్ కనపడింది. పచ్చగా వెలుగుతాండాది. ఆ కాలంలో అది లేదు గదా మేడం. తీసేసినా. తెచ్చి సంచిలో వేసినా. ఎందుకు చేసినానో నాకే తెలీదు. చెయ్యి దానంతట అదే పోయినాది."

పుల్లయ్య నమ్మలేదు.

హేమావతి నమ్మింది. భర్త పోయాడని ఫోన్ వచ్చినప్పుడు ఆమె పొయ్యి మీది పాలు దించి మూత పెట్టింది. మరునాడు ఆయన వేసుకోవాల్సిన చొక్కా ఇస్త్రీ చేసి తగిలించింది. తర్వాతే ఆసుపత్రికి వెళ్ళింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పినా ఎవరికీ అర్థం కాదని తెలుసు.

"మూడు గంటలుగా బొజ్జన్న జీపులో ఉండాడు," అంది. "ఆయమ్మ ఏడుస్తాండాది. నువ్వు నోరు తెరవలా. ఎందుకు?"

"చూస్తానే ఉంటి మేడం. ఎవరిదో సినిమా చూస్తాన్నట్ల ఉండె."

యామిని లేచి దూరంగా వెళ్ళిపోయింది. సుధీర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. పుల్లయ్య ఉమామహేశ్‌ను లేపి జీపు దగ్గరికి నడిపించాడు. అతను ఎదురు చెప్పకుండా వెళ్ళాడు.

హేమావతి డీఎస్పీకి ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పింది.

* * *

స్టేషన్. సాయంత్రం 6:40.

బొజ్జన్న వేలిముద్ర వేశాడు. ఇక పోవచ్చన్నారు. అతను కదల్లేదు.

"ఏమప్పా?"

"నన్నిడిసినారు, సరే. ఊర్లో మాత్రం గుర్రం చంపినాదనే అంటాండారమ్మా. ఎల్లుండి రెండు మెరవణిలుండె. ఇద్దరూ ఫోన్ చేసి వద్దనిరి. మీరు ఒగ కాగితం రాసిస్తే చూపిచ్చుకుంటా."

"అట్లాంటి సర్టిఫికెట్ యాడా ఉండదు పో," అన్నాడు పుల్లయ్య.

హేమావతి తెల్లకాగితం తీసుకుంది. తారీఖు వేసింది. గుర్రం రంగు రాసింది, మగదా ఆడదా అడిగి అదీ రాసింది. కింద ఒకే వాక్యం. 'ఈ గుర్రం మనిషిని చంపలేదు. ఇందులో దీని తప్పు ఏమీ లేదు.' సంతకం చేసి స్టేషన్ ముద్ర వేసింది.

"చదువమ్మా," అన్నాడు బొజ్జన్న.

చదివింది. ఇంకోసారి చదవమన్నాడు. మళ్ళీ చదివింది. అతను కాగితాన్ని మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు.

"ఇంగొకటి రాసియ్యండి మేడం," అంది సుంకమ్మ. "ఈయప్ప యాడన్నా పోగొడతాడు."

హేమావతి రెండో కాగితం తీసింది. తారీఖు, రంగు రాసింది. 'తప్పు ఏమీ లేదు' అన్నచోట పెన్ను ఆగింది. పోయిన నెల భర్త శవాన్ని ఇప్పించుకోవడానికి ఆమె ఒక కాగితం మీద సంతకం పెట్టింది. మోటార్‌సైకిల్ నడిపిన వ్యక్తి అజాగ్రత్త అని అందులో ఉంది. ఆయన ఇరవై ఏళ్ళుగా నలభై దాటి బండి నడపలేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ వాదించలేదు. చదివి సంతకం పెట్టింది.

ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. పుల్లయ్య బయటికి వెళ్ళిపోయాడు. బొజ్జన్న తల దించుకున్నాడు.

సుంకమ్మ టేబుల్ మీది కాగితాన్ని తడవకుండా పక్కకు జరిపి, అక్కడే నిలబడింది.