రెండు రోజుల అబ్బాయి

"కొనే ఉద్దేశం లేకుండా అరగంట నుంచి వాసన పీలుస్తున్నావ్. ఏంటి సంగతి?"

హోదయా ఎల్కానాని పలకరించిన తీరు అది. యెరూషలేములో యూదుల పర్ణశాలల పండగ ముందురోజే ముగిసింది. ఆమె తండ్రి ఒవద్యా రొట్టెల కొట్టు తెరిచాడు. మెట్ల దగ్గర తెల్ల చొక్కాలో ఈ కొత్త కుర్రాడు.

"ఇవాళ డబ్బు ముట్టుకోను. నాకింకా పండగే."

"నిన్నటితో అయిపోయిందిగా!"

"మీకు. నాకు ఆఖరి పండగ రెండు రోజులు, ఇవాళ రెండోది. మాంట్రియల్ నుంచి ఏడాది చదువుకోడానికి వచ్చాను."

హోదయాకి తెలియంది కాదు. బయటి దేశాల వాళ్ళకి పండగ ఒక రోజు ఎక్కువ. తిరిగి వెళ్ళిపోవాలనుకునేవాడు ఇక్కడున్నా తన ఊరి పద్ధతే పాటించాలి. తెలిసినా ఊరుకునే మనిషి కాదు.

"మా గాలి పీలుస్తూ మీ ఊరి కేలెండరా? సరే వెళ్ళు, రెండు రోజుల అబ్బాయ్!"

ఆ పేరు స్థిరపడిపోయింది. చలికాలమంతా అతను పొద్దుటి పాఠం అవగానే తడిసిన కోటుతో వచ్చేవాడు. దొరికిన వస్తువు ఎవరిది, అరువు తెచ్చిన గాడిద చస్తే తప్పెవరిది అంటూ తను చదివే ధర్మగ్రంథంలోని చిక్కుముడి ఒకటి ఆమె ముందు పెట్టేవాడు. హోదయా పిండి చేతులతోనే వాదించేది. సగంసార్లు ఆమే గెలిచేది. అతను రాని రోజు మాత్రం రొట్టెలు మాడ్చేది.

పస్కా పండగకి ముందు, ఇక దాచుకోలేక అడిగేసింది.

"ఉంటావా, వెళ్తావా?"

అతను చేతిలోని గొడుగు వంక చూశాడు. "ఇంట్లో అమ్మ..."

"అయితే ఇంక ప్రశ్నలు తీసుకురాకు. వెళ్ళిపోయేవాళ్ళ కోసం ఏడ్చే ఓపిక నాకు లేదు."

పస్కా ఏడు రోజులూ పులిసిన రొట్టె ముట్టకూడదు కాబట్టి కొట్టు మూసే ఉంది. పులియని రొట్టె నమిలి నమిలి హోదయా దవడలు నొప్పెట్టాయి. మనసు సంగతి చెప్పనక్కర్లేదు.

ఎనిమిదో రోజు పొద్దున్నే తొలి వాయి రొట్టెలు పొయ్యిలోంచి బయటికొచ్చాయి. చిన్న జల్లు పడుతోంది. వరసలో ఎల్కానా ఉన్నాడు. తన వంతు రాగానే డబ్బు బల్లమీద పెట్టి రొట్టె అందుకున్నాడు. హోదయా చటుక్కున లాగేసుకుంది.

"పిచ్చా నీకు? ఇవాళ కూడా నీకు పస్కానే! పులిసింది తాకకూడదు!"

"నిన్నటితో అయిపోయింది నాకు."

"మీ వాళ్ళకి ఎనిమిది రోజులు!"

"మా గురువు రబ్బీని అడిగాను. నీ మనసు ఏ ఊళ్ళో ఉండిపోవాలనుకుంటోందిరా అన్నారు. నిజం చెప్పాను. అయితే ఏడు రోజులే అన్నారు." అతను రొట్టె కోసం మళ్ళీ చెయ్యి చాపాడు. "అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఏడ్చింది. తర్వాత, ఆ అమ్మాయి రొట్టెలు బాగా చేస్తుందా అని అడిగింది."

వెనక వరసలో ఎవరో గొణిగారు. "అమ్మాయ్, మాకూ ఆకలేస్తోంది!"

హోదయా కళ్ళు తుడుచుకుంటే బుగ్గంతా పిండైంది. లోపల్నుంచి ఒవద్యా తల బయటికి పెట్టాడు.

"ఏంటే గొడవ?"

"నాన్నా, ఇతను... ఒక్క రోజు అబ్బాయి అయిపోయాడు."

ఒవద్యా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పొయ్యి దగ్గరి తొట్టి మీద చెంబు నిండుగా నీళ్ళు పట్టి పెట్టాడు.

"వీధిలో నిలబడి తింటాడా? లోపలికొచ్చి చేతులు కడుక్కోమను."