పన్నెండో రోజు తాళం

2083లో విశాఖపట్నంలో ఏ కంపెనీ పని మొదలుపెట్టాలన్నా ముందు ఒక మనిషి ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ మనిషిని తాళంకాపు అనేవారు. కంపెనీ పంపే ప్రతి ఆదేశం మీదా ‘ఇది మాదే’ అని హామీ ఇచ్చే డిజిటల్ సర్టిఫికెట్‌కు ఆయుష్షు ఒక్కరోజే. పొద్దున్నే తాళంకాపు జవాబిస్తేనే దానికి మళ్ళీ ప్రాణం వచ్చేది.

ఆ ప్రశ్న అడిగే పరికరం పేరు మనోముద్ర. వేలిముద్రకూ, కనుపాపకూ, గొంతుకూ నకిలీలు పుట్టుకొచ్చాక, మనిషి నిర్ణయం తీసుకునే తీరునే తాళంచెవి చేశారు. యంత్రం రోజుకో కొత్త చిక్కు అడుగుతుంది. ఎక్కడ తటపటాయించారో, ఎవరి మీద జాలిపడ్డారో కనిపెట్టి ఎన్‌క్రిప్షన్ కీని అప్పటికప్పుడు పుట్టిస్తుంది. ముఖం చూడదు. కీ ఎక్కడా దాచి ఉండదు కాబట్టి దొంగకు దొరకదు. అద్భుతమే, కాదనను. కానీ సంతకం పని మీద పడగానే పక్కవాడికి అప్పగించి టీకి వెళ్ళిపోయే మనవాళ్ళ సంగతి ఆ శాస్త్రవేత్తలకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నూట నలభై ఆసుపత్రులకు మందుల ఆదేశాలు పంపే ఒక సంస్థలో తాళంకాపు అరుంధతి గుండె ఆగి చనిపోయింది. ఆవిడ కింద పనిచేసిన త్రినాథ్ మర్నాటి నుంచి తన సీట్లోనే కూర్చుని, తన పేరుతోనే జవాబిస్తున్నాడు. పదకొండు రోజులుగా తెర మీద మాత్రం ఒకటే మాట. ‘జవాబిచ్చినవారు: అరుంధతి. సజీవం.’

ఆ అంతస్తుకు రావడానికి జనం భయపడ్డారు. దహనానికి వెళ్ళొచ్చిన త్రినాథ్ అయితే ఆ పేరు కనబడినప్పుడల్లా తెర ఆపేసి మళ్ళీ మొదటి నుంచి జవాబిచ్చేవాడు. చట్టం ఇచ్చిన గడువు పన్నెండు రోజులు. ఆఖరి రోజు మధ్యాహ్నం పన్నెండులోగా కొత్త మనిషి పేర తాళం నమోదు కాకపోతే ఆసుపత్రుల్లో మందుల యంత్రాలు ఏ ఆదేశాన్నీ నమ్మవు, ఒక్క చుక్క మందు వదలవు.

పన్నెండో రోజు ఉదయం మనోముద్ర తయారుచేసిన బృందం నుంచి డాక్టర్ రెజీనా వచ్చింది. పాత నమోదులన్నీ తిరగేసి, త్రినాథ్‌ను పక్కకు పిలిచి, అరుంధతి గారి బదులు ఎన్నాళ్ళు జవాబిచ్చావని సూటిగా అడిగింది.

అతను దాచలేదు. యంత్రం బిగించిన వారంలోనే మేడమ్‌కు మోకాళ్ళ నొప్పి వచ్చింది, ఈ ఒక్కరోజుకీ నువ్వు చెప్పీ అంది. ఆ ఒక్కరోజు తొమ్మిదేళ్ళు సాగింది. మేడమ్ అయితే ఏమంటారో అని ఆలోచించి చెప్పేవాడు. సహాయకుడికీ ఒక తాళం ఉంటుంది గానీ దాన్ని రోజూ తిప్పాల్సిన పని లేదు కనుక, తన పేరున వచ్చిన ప్రశ్నలను ఒక్కనాడూ తెరవలేదు.

“అయితే యంత్రం అరుంధతి గారిని ఎప్పుడూ చూడలేదు. అది ఆవిడ అనుకుంటున్నది నిన్నే,” అంది రెజీనా. “ఒక మనసుకు రెండు పేర్లు ఇవ్వదు. ఇప్పుడు నీలాగా జవాబు చెప్పు.”

పన్నెండుకు ఇరవై నిమిషాలుంది. ఒకే మోతాదు మందు, ఇద్దరు రోగులు, ఎవరికి ముందు అని అడిగింది యంత్రం. త్రినాథ్ చెప్పాడు. అరుంధతి, అంది తెర. కావాలని తలకిందులుగా చెప్పాడు. అరుంధతి, ఇవాళ చిరాకుగా ఉన్నారు, అంది. మూడోసారి రెజీనా వైపు తిరిగాడు.

“మేడమ్ ఏటంటారో తెలుస్తంది గానీ, నేనేటంటానో తెలీట్లేదండీ,” అన్నాడు. నలభై ఒక్క ఏళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా భయపడ్డాడు.

ఐదు నిమిషాలుందనగా యంత్రమే దారి చూపించింది.

“అరుంధతి గారూ, ఈ కార్యాలయంలో ఒక మరణం నమోదైంది. మీరు సజీవంగా ఉన్నారు. త్రినాథ్ అనే సహాయకుడి జాడ తొమ్మిదేళ్ళుగా లేదు. ఆ మరణం అతనిదిగా రాసి, అతని తాళం రద్దు చేసి, కొత్త నమోదు అక్కర్లేకుండా మీది కొనసాగించమంటారా?”

రెజీనా తెర ముందు నుంచి పక్కకు జరిగింది. ఆసుపత్రుల జాబితా తెర పక్కన ఎర్రబడటం మొదలైంది. త్రినాథ్ దాన్ని చూశాడు. ఇలాంటప్పుడు మేడమ్ ఎక్కువసేపు ఆలోచించేది కాదు.

“రాసేయండి,” అన్నాడు.

జాబితా పచ్చబడింది. నూట నలభై ఆసుపత్రుల్లో మందులు కదిలాయి.