పెనం మీది నుంచి పళ్లెంలోకి

"అమ్మా, రొట్టెలు ఎప్పటిలెక్కనే ఒక్కొక్కటే తెస్త. అన్నీ ఒక్కసారే తెస్తే సల్లబడ్తయి," అన్నాడు బుచ్చయ్య.

"గట్లనే తే అన్నా. మాకేం తొందర లేదు," అంది ఉష.

పంజాగుట్టలోని ఆ హోటల్ ఆదివారం మధ్యాహ్నం కిటకిటలాడుతోంది. బుచ్చయ్య అక్కడ సర్వర్. భుజం మీద తువాలు వేసుకుని, ఒక్క చేతి మీదే నాలుగు పళ్లాలు పట్టుకుని నడుస్తాడు.

ఉష పిల్లలిద్దరితో గోడ పక్క టేబుల్ దగ్గర కూర్చుంది. పెద్దది యశస్విని, ఆరో తరగతి. చిన్నవాడు తారక్, రెండో తరగతి. నాన్న భానుచందర్ రాలేదు. అమీర్‌పేటలో ఆయన పనిచేసే చీరల షాపుకు ఆదివారమే గిరాకీ.

"నాకు మంచూరియా!" అన్నాడు తారక్.

"మంచూరియా, రెండు ఫ్రైడ్ రైస్. నాకేమో జొన్న రొట్టె, తోటకూర పప్పు," అని చెప్పి అమ్మ చేతులు కడుక్కోవడానికి లేచింది.

యశస్విని ముఖం చిట్లించింది.

అమ్మ బ్లౌజులు కుట్టే షాపులో పని చేస్తుంది. పెళ్లిళ్ల సీజన్ వస్తే తల ఎత్తే తీరిక ఉండదు. మునుపు పొద్దున బండి మీద పూరీ, సాయంత్రం మిర్చి బజ్జీ తినేది. అట్లా అట్లా ఒకరోజు మిషన్ దగ్గర కళ్లు తిరిగాయి. షుగర్ వచ్చేటట్టు ఉంది, తిండి మార్చమన్నారు డాక్టర్. అప్పటి నుంచి ఇంట్లో రోజూ జొన్న రొట్టె, పప్పు, ఏదో ఒక ఆకుకూర. మొదట్లో అమ్మ గొణిగింది. తర్వాత ఆమెకే అది నచ్చింది. "తిన్నంక పెయ్యంత దూదిలెక్క తేలికగ ఉంటది," అంటుంది. పొద్దున్నే రొట్టె తడుతూ కూనిరాగం కూడా తీస్తుంది.

నెలకోసారి మాత్రం ముగ్గురూ మెట్రో పిల్లర్ల నీడలో నడుచుకుంటూ ఈ హోటల్‌కు వస్తారు.

'పాపం మమ్మీ. ఇంట్ల రొట్టె, ఈడ సుత రొట్టేనా?' అనుకుంది యశస్విని. బుచ్చయ్యను పిలిచింది.

"అంకుల్, రొట్టె క్యాన్సిల్. మమ్మీకి సుత ఫ్రైడ్ రైసే తీసుకురండి."

"అమ్మ చెప్పిందా?"

"నేనే చెప్తున్న. సర్‌ప్రైజ్!"

బుచ్చయ్య ఒక్క క్షణం ఆగాడు. లోపలి నుంచి ఎవరో కేకేశారు. తల ఊపి వెళ్లిపోయాడు.

అమ్మ వచ్చి కూర్చుంది. ముందు మూడు ఫ్రైడ్ రైసులు వచ్చాయి.

"నాది రొట్టె గద?"

"నేనే మార్పించిన మమ్మీ! రోజూ అవే తింటున్నవ్. ఇయ్యాల జర ఎంజాయ్ చెయ్," అంది యశస్విని.

అమ్మ ఆమె కళ్లలోకి చూసి నవ్వింది. "మంచి పని చేసినవ్ బిడ్డా."

కానీ మెల్లగా తిన్నది. కొంచెం తిని స్పూన్ పక్కన పెట్టింది. పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన పళ్లెంలో బుచ్చయ్య రొట్టె వేశాడు. రొట్టె ఉబ్బి ఉంది. మధ్యలో చిల్లు పడితే సన్నగా పొగ లేచింది. అమ్మ ఆ పొగనే చూసింది. యశస్విని కూడా అటు చూసింది. అందులో ఏముందో ఆమెకు అర్థం కాలేదు.

హోటల్ నుంచి బయటికి వచ్చేటప్పుడు బుచ్చయ్య యశస్వినితో మెల్లగా అన్నాడు. "మీ మమ్మీ వచ్చిందంటే నేను పెనం కాడ ముందే చెప్పి పెడ్త బిడ్డా. ఆమెకు పెనం మీదికెల్లి సీదా పళ్లెంలకే పడాలె."

"ఇంట్ల సుత గవే రొట్టెలు అంకుల్," అంది యశస్విని.

బుచ్చయ్య నవ్వి, తువాలు దులుపుకున్నాడు.

సోమవారం లెక్కల పరీక్ష. యశస్విని తొందరగా లేచి వంటింటి గడప దగ్గర కూర్చుని ఎక్కాలు చదువుకుంటోంది. అమ్మ స్టవ్ ముందుంది. వేడినీళ్లతో పిండి పిసికి, చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడి గుడ్డతో అద్దుతోంది.

మొదటి రొట్టె నాన్న పళ్లెంలో పడింది. నాన్న ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తిన్నాడు. తర్వాతది తారక్‌కు, నెయ్యి రాసి, బెల్లం పెట్టి. తర్వాతది యశస్వినికి. పట్టుకుంటే వేళ్లు కాలాయి. లోపల దూదిలా మెత్తగా ఉంది. ఆ తర్వాతవి డబ్బాల్లోకి పోయాయి. చివరికి గిన్నె గీకి, మిగిలిన పిండితో అమ్మ చిన్న రొట్టె చేసింది. మూత కింద పెట్టింది.

స్టవ్ ఆర్పింది. గట్టు తుడిచింది. తారక్ చొక్కాకు ఊడిన గుండీ కుట్టింది. నాన్న షాపుకు పోయాడు. తారక్‌ను బడికి తీసుకుపోయే ఆటో అన్న కింద హారన్ కొడితే, వాణ్ని దింపి వచ్చింది. అప్పుడు మూత తీసింది. నిలబడే రొట్టె తుంచబోయింది. అది తునగలేదు. పప్పులో నానబెట్టింది.

"మమ్మీ, నాకొక ముక్క పెట్టవా?"

"నీ కడుపు నిండలేదా?" అంటూ అమ్మ పెట్టింది.

రొట్టె చల్లగా ఉంది. అట్టలా ఉంది. యశస్విని చాలాసేపు నమిలింది.

"నువ్వు వేడిది తినవా మమ్మీ?"

"కాల్చేటోళ్లకు వేడిది యాడ దొరుకుతది? మీరు తింటుంటే సూస్త గద, గదే సాలు," అంది అమ్మ నవ్వుతూ. గడియారం చూసి, గబగబా చేయి కడుక్కుంది.

యశస్విని చేతిలో పుస్తకం అట్లాగే ఉండిపోయింది. పక్క టేబుల్ మీద లేచిన పొగ గుర్తొచ్చింది. పెనం మీదికెల్లి సీదా పళ్లెంలకే. నెలకోసారి దొరికే ఆ ఒక్క వేడి రొట్టెనూ తనే క్యాన్సిల్ చేసింది.

పుస్తకం మూసి లేచింది. నీళ్లు తాగింది.

రాత్రి అన్నాల దగ్గర అమ్మ లేనప్పుడు నాన్నను అడిగింది. "డాడీ, నీకు రొట్టె చేయొస్తదా?"

"నాకు చీర మడత పెట్టుడు వస్తది," అన్నాడు నాన్న.

"నిజం చెప్పు డాడీ."

నాన్న తల గోక్కున్నాడు. "సిరిసిల్లల ఉన్నప్పుడు మా అవ్వ నేర్పింది. ఇప్పుడొస్తదో రాదో. ఎందుకు?"

యశస్విని ఆయన చెవిలో చెప్పింది. నాన్న నవ్వలేదు. కాసేపు తన పళ్లెం వైపు చూసుకున్నాడు. "సరే," అన్నాడు.

మళ్లీ ఆదివారం వచ్చింది. అమ్మ వంటింట్లోకి రాబోతే యశస్విని గడపకు అడ్డంగా నిలబడింది. భుజం మీద తువాలు ఉంది.

"కస్టమర్లు లోపలికి రావద్దు మేడం."

"ఏందే నీ ఆట? డాడీకి షాపుకు లేటయితది."

"డాడీ ఇయ్యాల మా హోటల్ల వంటమాస్టర్."

అమ్మ తొంగి చూసింది. నాన్న ముక్కు మీద కూడా పిండి ఉంది. ఆయన తట్టిన రొట్టె ఒక పక్క సాగి, ఒక పక్క చినిగింది.

"డాడీ, గిది ఇండియా మ్యాప్ లెక్కుంది!" అని తారక్ చప్పట్లు కొట్టాడు.

"అయ్యో, పైన జర నీళ్లు అద్దుండ్రి! మంట తగ్గియ్యుండ్రి!" అమ్మ లోపలికి రాబోయింది.

"కూసో మమ్మీ," అంది యశస్విని. ఈసారి ఆట గొంతు కాదు.

అమ్మ చాప మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఒళ్లో పెట్టుకుంది.

నాన్న పెనం మీది రొట్టెను అట్లకాడతో తీశాడు. యశస్విని పళ్లెం పట్టింది. నాలుగడుగులు పరుగెత్తి అమ్మ ముందు పెట్టింది. ఇండియా మ్యాప్ మధ్యలోంచి పొగ లేస్తోంది.

అమ్మ తుంచింది. "అబ్బా!" అని వేళ్లు చెవికి ఆనించుకుంది. మళ్లీ తుంచింది. ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంది. నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఉప్పు తక్కువయిందా?" అన్నాడు నాన్న లోపలి నుంచి.

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పొగ," అంది.

"అమ్మా, ఇంకోటి తెమ్మంటరా?" అంది యశస్విని, అచ్చం బుచ్చయ్య లెక్క.

"తే బిడ్డా. తొందరేం లేదు," అంది అమ్మ.

తర్వాత తారక్ తిన్నాడు. నాన్న తిని షాపుకు ఉరికాడు. యశస్విని గిన్నెలు సింకులో వేసింది. పిండి పడ్డ నేల తుడిచింది. అప్పుడు మూత తీసింది. గిన్నె గీకి నాన్న చివర్లో చేసిన చిన్న రొట్టె దాని కింద ఉంది. చల్లారిపోయింది.

"ఆగు, వేడి చేసిస్త," అంటూ అమ్మ లేచింది.

"వద్దు మమ్మీ. నువ్వు కూసో."

యశస్విని రొట్టెను పప్పులో నానబెట్టుకుని, అమ్మ పక్కన చాప మీద కూర్చుని తిన్నది.