ప్లేటు మీద చుక్కల బారు

ఆసుపత్రి కింది అంతస్తులో మలపరీక్షల ల్యాబు. అక్కడ పనిచేయాలంటే ముక్కు ఇంట్లో వదిలేసి రావాలని అందరూ వేళాకోళం చేసేవారు. ల్యాబు నడిపే ఆమెను చిన్నా పెద్దా అంతా "అక్కా" అనే పిలుస్తారు. ఆ వేళాకోళానికి రోజూ నవ్వే అక్క, ఆ మధ్యాహ్నం నవ్వలేదు. పరీక్షకు వచ్చింది సొంత తమ్ముడి నమూనా మరి.

తమ్ముడికి కిడ్నీ మార్చారు. రోగాన్ని తట్టుకునే శక్తిని మందులతో అణచిపెట్టినా, ఒళ్ళు కొత్త కిడ్నీని ఒప్పుకోవడం లేదు. పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఎక్కించకపోతే కిడ్నీ దక్కదు. పేగుల్లో సన్నపురుగు నక్కి ఉండగా ఎక్కిస్తే మాత్రం, అది ఊపిరితిత్తులదాకా పాకి మనిషినే మింగేస్తుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. "మీరు ఏమీ లేదంటేనే మొదలుపెడతాం," అన్నాడు డాక్టరు.

జెల్లీ పోసిన ప్లేటులో నమూనా పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, వెచ్చటి గదిలో ఉంచింది అక్క. పిల్లపురుగు కంటికి ఆనదు. అది పాకిన దారిలో సూక్ష్మక్రిములు మొలిచి, చీమలబారులా చుక్కలు తేలతాయి.

బీరువాకన్నా కాస్త పెద్దదా గది. రెండో రోజు సాయంత్రం ప్లేటు చూడ్డానికి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ప్లేటు నున్నగా ఉంది. అమ్మయ్య అనుకుంది. బయటికి రాబోతే పిడి తిరగలేదు.

గట్టిగా కొట్టింది. ఎవరూ పలకలేదు. పులిసిన వాసన. ఉక్క. మెడ మీదుగా చెమట కారుతోంది...

"అక్కా... ఏమీ లేదని చెప్పేయ్."

తలుపు అవతల తమ్ముడి గొంతు. వాడు మూడో అంతస్తులో మంచం దిగలేని స్థితిలో ఉన్నాడు.

"ఒరేయ్... ఎలా వచ్చావురా?"

"చెప్పు. తలుపు తీస్తా."

అక్క ప్లేటుని వంచి, దీపం కిందికి పెట్టి మళ్ళీ చూసింది. టేపు అంచున ఒక చుక్క. పక్కన ఇంకోటి... ఇంకోటి.

"ఉందిరా..."

తలుపు మీద తడిగా ఏదో పాకింది. కింద నుంచి పైకి. నెమ్మదిగా.

"లేదను."

"అనను! చచ్చినా అనను!"

"సరే... నేనే చెప్తాలే."

ఈసారి గొంతు తమ్ముడిది కాదు. అక్కదే.

అరగంట గడిచాక పిడి దానంతటదే తిరిగింది. పడుతూ లేస్తూ వెళ్ళి ఫోన్ అందుకుంది.

"సిస్టర్! మా తమ్ముడికి స్టెరాయిడ్ ఎక్కించకండి! పురుగుంది!"

"ఎవరండీ మీరు?" అంది వార్డు నర్సు.

"నేనే! ల్యాబు నుంచి, అక్కని!"

"బావుంది వరస! అక్క ఇందాకే వచ్చి ఏమీ లేదని చెప్పారు. సీసా సగం ఎక్కేసింది కూడా. ఇదిగో, నా కళ్ళెదుటే ఉన్నారు. పాపం, తమ్ముడి పొట్టకి నోరు ఆనించి ఏదో గుసగుసలాడుతున్నారు..."

ఫోన్‌లో కుర్చీ గభాలున వెనక్కి జరిగిన చప్పుడు. 

"ఏమండీ... పొట్ట లోపల్నుంచి ఎవరో బదులు చెప్తున్నారు."